గడ్డి చర్చి ఉన్న ఊరు

ఓగలాలా నుంచి హైవే 61 మీద ఉత్తరానికి మళ్లి, కింగ్స్‌లీ డ్యామ్ దాటామో లేదో ఇసుక దిబ్బలు మొదలయ్యాయి. అమెరికాలోని నెబ్రాస్కా శాండ్‌హిల్స్ ఇవే. దిబ్బలన్నిటినీ గడ్డి కప్పేసింది. ఎక్కడైనా నాలుగు చెట్లు కనిపిస్తే అక్కడ ఓ ఇల్లున్నట్టు లెక్క. మిగతాదంతా పశువుల రాజ్యం.

ఆ దిబ్బల మధ్య ఆర్థర్ అనే ఊరు. 2020 జనగణనలో 128 మంది. అయినా ఇది ఆర్థర్ కౌంటీకి కేంద్రం, మన లెక్కలో జిల్లా కేంద్రమన్నమాట! 1915 నాటికి కట్టిన పాత కోర్టు భవనం ఇంకా ఉంది. పొడవు 28 అడుగులు, వెడల్పు 26. హైదరాబాదులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఇంతకంటే పెద్దది. ఓ కౌంటీ పాలనంతా 1960ల ఆరంభం దాకా ఇందులోంచే నడిచింది. పక్కనే బుల్లి జైలు.

ఇంత మారుమూలకు కోర్టు ఎందుకు వచ్చింది? 1904లో అమెరికా కాంగ్రెస్ సభ్యుడు మోజెస్ కింకేడ్ ఓ చట్టం తెచ్చాడు. పశ్చిమ నెబ్రాస్కాలో అయిదేళ్లు కాపురముండి, భూమిని బాగుచేసుకుంటే 640 ఎకరాలు ఉచితం. జనం బిలబిలా వచ్చారు. 1913లో కౌంటీ పాలన మొదలైంది. తీరా నాగలి పెడితే కింద ఇసుక. గడ్డి వేరు తెగితే గాలికి లేచిపోతుంది. పోనీ పశువులను పెంచుదామంటే ఈ నేలలో 640 ఎకరాలు ఏ మూలకు? చాలామంది పశువుల క్షేత్రాల యజమానులైన రాంచర్లకు అమ్ముకుని వెళ్లిపోయారు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం 1928లో కట్టిన పిల్‌గ్రిమ్ హోలీనెస్ చర్చి. కలప లేదు. మట్టిగడ్డలు కోసి పేర్చుదామంటే ఇసుక నేల నిలవనివ్వదు. అందుకని రై గడ్డిని మోపులుగా బిగించి, ఇటుకల్లా పేర్చి, లోపలా బయటా పూత పూశారు. గోడల మందం సుమారు రెండడుగులు. గోడ మీద చెయ్యి వేసినా లోపల గడ్డి ఉందని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. 1979లో దీన్ని జాతీయ చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చారు.

కింకేడ్ మంచి ఉద్దేశంతోనే చట్టం తెచ్చి ఉండవచ్చు గానీ, ఇసుకను అడగకుండా తెచ్చాడు. 1920లో ఈ కౌంటీ జనాభా 1,412. 2020లో 434.