వాలుజడా? ఉంగరాల జుట్టా?

ఉగాది సంచికకి ఏదైనా రాయమని కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు మేము అక్కాచెల్లెళ్ళం ఇద్దరం అద్దం ముందు నిలబడి ఉన్నాం. "మాకేం తెలుసండీ, రెండు నెలల నుంచీ మా ఇంట్లో జుట్టు గురించి తప్ప వేరే మాటే లేదు" అన్నాం. "అయితే అదే రాయండి" అన్నారాయన. కనుక ఈ వ్యాసం తాలూకు నేరం మాది కాదని ముందుగానే మనవి చేసుకుంటున్నాం.

మా ఇద్దరిదీ ఒకే రకం జుట్టు. తెనాలిలో అమ్మమ్మ దగ్గర్నుంచి అమ్మకి, అమ్మ నుంచి మాకూ వచ్చిన ఆస్తి అదొక్కటే. నల్లగా, బరువుగా, ఎక్కడా ఒక్క వంపు లేకుండా నడుము దాటి దిగుతుంది. దువ్వెన నెత్తిమీద పెట్టి వదిలితే కిందికి జారిపోతుంది. చిన్నప్పుడు ఆదివారం వస్తే కుంకుడురసం కళ్ళలో పడి మేము ఏడవడం, అమ్మ మొట్టికాయ వేయడం, సాంబ్రాణి పొగ, ఆ తరవాత మెట్ల మీద పైమెట్టున అమ్మా, కిందిమెట్టున మేమూ. జడ పూర్తయ్యేసరికి మా మెడలు నొప్పెట్టేవి, ఆవిడ చేతులు నొప్పెట్టేవి.

ఇప్పుడు ఈస్ట్ హామ్‌లో కాపురం. శీకాయపొడి, కుంకుడుపొడి అన్నీ వీధి చివర కొట్లోనే దొరుకుతాయి గానీ, నీళ్ళు మాత్రం తెనాలివి కావు. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునే సున్నమే మా తలలకీ పడుతోంది. పొద్దున్నే ముడి వేసుకుని రైలెక్కితే ఆఫీసు చేరేసరికి అది మెడ మీదికి జారి ఉంటుంది. ఎన్ని పిన్నులు గుచ్చినా ఇంతే.

ఇంతలో ఒక సోమవారం చిన్నదాని ఆఫీసులో పక్క సీటు అమ్మాయి అలలు అలలుగా ఉన్న జుట్టుతో వచ్చింది. శుక్రవారం దాకా ఆ పిల్లదీ మాలాంటి గీతల జుట్టే. అడిగితే పెర్మ్ అంది. మాకు తెలిసిన పెర్మ్ 1980ల నాటిది, గొర్రెపిల్లలా రింగులు రింగులుగా ఉండేది. ఇది అది కాదట. జపాన్లో పుట్టి, కొరియాలో పెరిగిన డిజిటల్ పెర్మ్ అట. ఆ రోజు నుంచి మా ఇంట్లో చర్చ మొదలు.

మేము ఏదీ తెలుసుకోకుండా దిగే రకం కాదు. ఒక శనివారం, కొరియన్లు ఎక్కువగా ఉండే న్యూ మాల్డెన్ దాకా వెళ్ళి ఒక సెలూన్‌లో కూర్చున్నాం. అక్కడి పెద్దావిడ ఓపిగ్గా చెప్పింది. వెంట్రుక అంటే కెరాటిన్ అనే మాంసకృత్తు. దాని పోగుల్ని గంధకపు బంధాలు నిచ్చెన మెట్లలా కలిపి ఉంచుతాయి. మన జుట్టు ఏ ఆకారంలో ఉండాలో గట్టిగా పట్టి ఉంచేవి ఆ మెట్లే. అమ్మోనియం థయోగ్లైకొలేట్ వంటి మందు రాసి వాటిలో కొన్నిటిని విడగొడతారు. జుట్టుని రాడ్లకు చుట్టి, కొత్త వంపులో ఉండగానే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి మళ్ళీ కలుపుతారు. పాత పద్ధతిలో ఇంతే. డిజిటల్‌లో మాత్రం మందు కడిగేసి, కరెంటుతో వేడెక్కే రాడ్లు చుడతారు. పాత పెర్మ్ తడిగా ఉన్నప్పుడు బాగా కనబడుతుంది, దీని వంపు ఆరాక కనబడుతుంది. మూడు నాలుగు గంటల పని. ఖర్చు రెండువందల పౌండ్లకు పైమాటే.

"మరి శాశ్వతమేనా?" అన్నాం. చేసినంత జుట్టుకి శాశ్వతమే, కొత్తగా వచ్చేది మళ్ళీ తిన్నగానే వస్తుందంది. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరుంపావు పెరుగుతుంది, అంటే ఏడాదికి జానెడు కంటే కొంచెం తక్కువ. ఆ లెక్కన మా జడ కొసలు ఐదేళ్ళ నాటివి. ఐదేళ్ళ ఎండా, చలీ, సున్నపు నీళ్ళూ తిన్న కొసలు మందుకి తట్టుకోవు కనుక ముందు నాలుగంగుళాలు కత్తిరించాలట. పైగా బరువు జుట్టు కనుక పైభాగంలో వంపు నిలవదు, సగం నుంచి కిందికి మాత్రమే చేస్తానంది.

తరవాత పెద్దదాని జుట్టు పట్టి చూసి "ఏం రాస్తారు?" అని అడిగింది. నెల నెలా గోరింటాకు ప్యాకెట్టు, తెల్లవెంట్రుకలు కనబడకుండా. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఉత్త గోరింటాకైతే వెంట్రుక చుట్టూ పట్టి మందుని సరిగ్గా పట్టనివ్వదు. ప్యాకెట్లలో లోహపు లవణాలు కలిస్తే పెర్మ్ మందుతో కలిసి జుట్టు పాడయ్యే ప్రమాదం ఉంది. ఆ విధంగా పెద్దదాని సమస్య పది నిమిషాల్లో తీరిపోయింది. మిగిలింది చిన్నది.

ఇంటికొచ్చి పెర్మ్ చరిత్ర కూడా చదివాం. ఇది మొదలైంది మన లండన్‌లోనే. కార్ల్ నెస్లర్ అనే జర్మన్ క్షురకుడు 1905 ప్రాంతంలో ఇక్కడే దీన్ని ప్రదర్శించాడు. వేడి చేసిన ఇత్తడి రోలర్లు తల మీద ఆనకుండా పైనుంచి వేలాడదీసేవాడట. తొలి ప్రయోగాలు భార్య తల మీద చేసి ఆవిడ జుట్టు కాల్చాడు కూడా. వేడి లేకుండా మందుతోనే చేసే పద్ధతి 1938లో అమెరికాలో వచ్చింది. ఆ మహాతల్లి పడ్డ బాధతో పోలిస్తే మనదెంత అనుకున్నాం. ఇంకోవైపు, కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ విసిరి సవాలు చేసేది గుర్తొచ్చింది. జడ అంటే మనకి ఉత్త జుట్టు కాదు కదా.

ఇవన్నీ పైమాటలు. అసలు సంగతి వేరే ఉంది. అది చెప్పకుండానే రెండు నెలలు వాదించుకున్నాం.

అమ్మకి నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడమే అన్నారు డాక్టర్లు. ఇప్పుడు వెలుగూ నీడా తెలుస్తాయి, మొహాలు తెలియవు. మేము తెనాలి వెళ్ళినప్పుడల్లా గుమ్మంలోనే తల నిమిరి, చెయ్యి వీపు మీదికి జార్చి జడ పట్టుకుంటుంది. లావుగా ఉంటే పెద్దది, కొస సన్నగా ఉంటే చిన్నది. పేరు పెట్టి పిలిచేది ఆ తరవాతే. ఆ జడని మార్చేస్తే? ఈ ప్రశ్నని మాలో ఎవరమూ పైకి అనలేదు. అనకుండా ఖర్చు గురించీ, సున్నపు నీళ్ళ గురించీ మాట్లాడుకున్నాం.

చివరికి ఫోన్‌లో చెప్పేశాం. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత నవ్వింది.

"పెళ్ళికి ముందు నాకూ ఉండేదే ఆ పిచ్చి. రాత్రి తడిజుట్టు సన్నజడలుగా అల్లుకుని పడుకుని పొద్దున్నే విప్పేదాన్ని. మీ తాతయ్య చూసి, ఏంటా గాలివాన అన్నారు. మళ్ళీ అల్లుకుంటే ఒట్టు."

"అది కాదమ్మా, నువ్వు మమ్మల్ని జడ చూసి కదా..."

"జడ పట్టుకునేది గుర్తుపట్టడానికనుకున్నారా? మీరు మెట్లెక్కే చప్పుడుకే తెలుస్తుందే నాకు. జడ పట్టుకోవడం నా సరదా."

ఇన్నేళ్ళుగా మేము దాన్ని ఆవిడ అవసరం అనుకున్నాం.

2023 మే నెలలో చిన్నది పెర్మ్ చేయించుకుంది. నాలుగు గంటలు కూర్చుంది, మందు వాసనకి ముక్కు మూసుకుంది, రెండు రోజులు తల తడపకుండా ఉంది, మొదటి వారం రోజుకోసారి ఏడ్చింది, రెండో వారం నుంచి అద్దం వదల్లేదు. పెద్దది గోరింటాకుతోనే ఉండిపోయింది, అప్పుడప్పుడూ ఓరగా చూస్తూ.

ఆగస్టులో తెనాలి వెళ్ళాం. గుమ్మంలో అమ్మ చెయ్యి మామూలుగానే తల మీద నుంచి కిందికి వచ్చింది. సగం దాకా వచ్చి ఆగింది. వేళ్ళతో ఆ వంపుల్ని రెండు మూడుసార్లు తడిమి, "బానే ఉందే, పట్టుగా ఉంది, కూర్చో" అంది. మెట్ల మీద కూర్చోబెట్టి చూడకుండానే జడ అల్లింది. ఈ మధ్య మా జుట్టు ఆవిడ వేళ్ళలోంచి జారిపోతూ ఉండేది. ఈసారి జారలేదు. కొస దాకా అల్లి, రిబ్బను అడిగి తీసుకుని తనే కట్టింది. పెద్దది పక్కన నిలబడి తన వంతు కోసం చూస్తోంది.

మన సంఘంలోని అక్కచెల్లెళ్ళకి మేము చెప్పేది ఇంతే. చేయించుకోవాలనుంటే తలకేం రాస్తున్నారో దాచకుండా చెప్పండి, ముందు ఒక పాయ మీద చేయించి చూడండి, కొసల మీద ఆశ వదులుకోండి. అన్నిటికంటే ముందు, ఎవరు బాధపడతారని మీరు ఆగుతున్నారో వాళ్ళనే ఒక్కమాట అడగండి.