కాష్మోరాకి బొమ్మ గీసేదెవరు?

వారపత్రికలో సీరియల్ చదివి, రాత్రిపూట పెరట్లోకి ఒంటరిగా వెళ్లడానికి జంకిన తరం ఒకటుంది. ఆ భయాన్ని మంచి బొమ్మలతో, గట్టి అట్టతో, తరతరాలు దాచుకోదగ్గ పుస్తకంగా తేవాలంటే ఏం కావాలి? ఎవరు కావాలి? జవాబు హైదరాబాద్‌లోని ఓ రాళ్లకొండ మీద దొరుకుతుంది. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వీధుల్ని ఓసారి చుట్టి వస్తే...

ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానం. ఒకే ఆవరణలో ఎందరో దేవుళ్లు కొలువైన గుడి. మంచి ముహూర్తం ఉన్న రోజున పొద్దున్నే అక్కడికి కార్లు బారులు తీరతాయి. కొత్త సినిమా మొదలవుతోందన్నమాట! అరటిపిలకలు, పూలదండలు, కొబ్బరికాయలు... దేవుడి పటాలకు ఎదురుగా కెమెరా. ఒకరు స్విచాన్ చేస్తారు, ఇంకొకరు క్లాప్ కొడతారు. మొదటి షాట్ దేవుడి పటాల మీద తీయడం పరిశ్రమలో ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ. ప్రేమకథ అయినా అంతే, ఫ్యాక్షన్ కథ అయినా అంతే. తమాషా ఏంటంటే, దెయ్యం సినిమాకీ అంతే! వెండితెర మీద జనాన్ని హడలెత్తించబోయే వాళ్లంతా ముందు హారతి కళ్లకద్దుకుని, ప్రసాదం తిని, ఆ తర్వాతే పనిలోకి దిగుతారు.

ఆ పని ఇక్కడ బాగానే సాగింది. రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ 1992లో వచ్చింది, ‘దెయ్యం’ 1996లో. కోడి రామకృష్ణ ‘అరుంధతి’ 2009లో ఊళ్లకు ఊళ్లనే థియేటర్లకు కదిలించింది. మొన్నమొన్నటి ‘మసూద’ (2022), ‘విరూపాక్ష’ (2023) కూడా ఆ కోవలోవే. అయితే ఈ చేతబడుల కథలకు ఓ పెద్ద దిక్కు ఉంది. అది సినిమా కాదు, నవల. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’!

రాళ్ల మధ్య కథల సంత

ఇప్పుడు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర నిలబడితే పైన మెట్రో, కింద ట్రాఫిక్, చుట్టూ అద్దాల షోరూములు. కానీ రోడ్ నంబర్లు పట్టుకుని లోపలికి వెళ్లేకొద్దీ బంగళాల ప్రహరీల మధ్య ఏనుగంతేసి బండరాళ్లు ఇంకా కనిపిస్తాయి. ఒకప్పుడు ఇదంతా రాళ్లూ తుప్పలే. అక్కినేని నాగేశ్వరరావు ఇలాంటి గుట్టల మధ్యే 1976లో అన్నపూర్ణ స్టూడియోస్‌ని తెరిచినప్పుడు ఇక్కడికి షూటింగులకు ఎవరొస్తారని అనుకున్నవాళ్లే ఎక్కువ. తర్వాత కృష్ణ పద్మాలయా స్టూడియోస్ వచ్చింది. 1989లో రామానాయుడు స్టూడియోస్ వచ్చింది. మద్రాసులో ఉన్న పరిశ్రమ మెల్లగా మకాం మార్చేసింది. ఫిల్మ్‌ఛాంబర్, కల్చరల్ సెంటర్ వెలిశాయి. బంగళాల పక్కనే బస్తీలు, దిగువన జూనియర్ ఆర్టిస్టుల కృష్ణానగర్ పెరిగాయి.

సినిమా మారింది కానీ, సినిమాతో పెనవేసుకున్న బొమ్మల లోకం మొత్తంగా దాంతోపాటు రాలేదు. మద్రాసు వడపళనిలో నాగిరెడ్డి-చక్రపాణి ఒకవైపు విజయా సంస్థలో సినిమాలు తీస్తూ, మరోవైపు ‘చందమామ’ నడిపారు. తెలుగు పిల్లలకు భయం మొదటిసారి బొమ్మగా పరిచయమైంది ఆ పత్రికలోనే. చేత కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం... చిత్రకారుడు శంకర్ గీసిన విక్రమార్కుడి బొమ్మను మరిచిపోయినవారు ఉండరు. 2020లో 97వ ఏట కన్నుమూసిన ఆయన గీత ఇప్పటికీ బేతాళ కథ అనగానే కళ్లముందు నిలుస్తుంది. బాపు కూడా అంతే. ఒక చేత్తో పత్రికలకు బొమ్మలు, మరో చేత్తో సినిమాలు. ఆయన తీసిన ‘సాక్షి’ (1967)తోనే ఈశ్వర్ పోస్టర్ల ప్రయాణం మొదలైంది. వేలాది సినిమాలకు పబ్లిసిటీ చేసిన ఈశ్వర్, ‘సినిమా పోస్టర్’ పేరుతో ఓ పుస్తకమూ రాశారు. 2014లో బాపు, 2021లో ఈశ్వర్ ఇద్దరూ చెన్నైలోనే వెళ్లిపోయారు.

సూదీ దారంతో స్పెషల్ ఎడిషన్

1980ల మొదట్లో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో ‘తులసిదళం’ సీరియల్‌గా వస్తుంటే ఇళ్లలో పత్రిక కోసం వంతులేసుకునేవారు. కథ ఒక చిన్నపిల్ల చుట్టూ తిరుగుతుంది. ఆస్తి కోసం తులసి మీద కాష్మోరా అనే క్షుద్రశక్తిని ప్రయోగిస్తారు. కాద్రా అనే మంత్రగాడి పేరు చెబితే పిల్లలు దుప్పటి ముసుగేసుకునేవారు. ‘కాష్మోరా’ అన్న మాట తెలుగిళ్లలోకి వచ్చిందే ఈ నవలతో. మూఢనమ్మకాలను పెంచుతోందంటూ విమర్శలూ గట్టిగానే వచ్చాయి. అయినా చదివేవారు ఆగలేదు. ‘తులసిదళం’ 1985లో కన్నడంలో సినిమా అయింది. దాని తర్వాతి భాగం ‘తులసి’ ఆధారంగా 1986లో తెలుగులో ‘కాష్మోరా’ వచ్చింది. ‘అభిలాష’, ‘ఛాలెంజ్’, ‘రాక్షసుడు’... యండమూరి నవలలు వరసగా వెండితెరకెక్కిన రోజులవి.

ఆ కాలంలో ప్రతి సీరియల్‌కీ వారం వారం ఓ బొమ్మ ఉండేది. పాఠకుడు ముందు బొమ్మ చూసి, ఈ వారం ఏం జరగబోతోందో ఊహించుకుని, ఆ తర్వాత చదివేవాడు. చంద్ర, బాలి లాంటి చిత్రకారుల పేర్లు రచయితల పేర్లతో సమానంగా ఇంటింటికీ తెలుసు. కానీ సీరియల్ నవలగా అచ్చయ్యేసరికి చాలావాటిలో ముఖచిత్రం ఒక్కటే మిగిలేది. ఖర్చు తగ్గాలి, అద్దె పుస్తకాల షాపులకు చవగ్గా అందాలి. దాంతో లోపలి బొమ్మలు ఎగిరిపోయేవి.

మరి ఆ బొమ్మలు ఎక్కడ మిగిలాయి? తెలుగిళ్ల అటకల మీద! సీరియల్ పేజీల్ని పత్రిక నుంచి జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కన్నాలు పొడిచి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసి, పైన అందంగా పేరు రాసుకునేవారు. కాస్త కలిగినవారు బైండర్ దగ్గర కాలికో బైండింగు చేయించేవారు. మధ్యలో ఒక వారం పేజీ దొరక్కపోతే పక్క ఊరి చుట్టాలకు ఉత్తరం రాసి తెప్పించుకున్న వాళ్లూ ఉన్నారు. కలెక్టర్స్ ఎడిషన్ అన్న మాట అప్పట్లో ఎవరికీ తెలియదు. కానీ బొమ్మలతో సహా, ఒకే ఒక్క ప్రతిగా, సొంత చేతుల్తో చేసుకున్న అలాంటి ఎడిషన్లు తెలుగునాట లెక్కలేనన్ని ఉండేవి. కొని తెచ్చుకున్న నవలలో కథే ఉంది. కుట్టి దాచుకున్న దాంట్లో కథా ఉంది, బొమ్మలూ ఉన్నాయి.

సినిమా మింగేసిన ముఖం

పాశ్చాత్య దేశాల్లో భయానక నవలలకు బొమ్మల రాజయోగం మొదట్నుంచీ ఏమీ లేదు. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ 1818లో అచ్చయినప్పుడు వేసింది 500 ప్రతులే. రచయిత్రి పేరు కూడా లేదు. మొదటి బొమ్మ పడింది 1831 ముద్రణలో. వందేళ్ల తర్వాత 1931లో హాలీవుడ్ సినిమా వచ్చింది. పలక లాంటి తల, మెడకి అటూ ఇటూ బోల్టులు... అప్పట్నుంచీ ఆ జీవి అంటే ప్రపంచానికి ఆ ముఖమే. నిజానికి పుస్తకంలో అలాంటి బోల్టులే లేవు! బెర్నీ రైట్‌సన్ అనే అమెరికన్ చిత్రకారుడు ఈ లెక్క సరిచేయాలనుకున్నాడు. సినిమాని పక్కనపెట్టి, రచయిత్రి రాసిన వర్ణనల్నే నమ్ముకుని, కలం, నల్లసిరాతో దాదాపు ఏడేళ్లు శ్రమించి బొమ్మలు గీశాడు. 1983లో వచ్చిన ఆ పుస్తకాన్ని ఈనాటికీ సేకర్తలు కళ్లకద్దుకుంటారు. సినిమా లాక్కున్న ముఖాన్ని ఆయన మళ్లీ పుస్తకానికి ఇచ్చాడు.

తెలుగులోనూ బొమ్మల్ని పోగొట్టుకోని పుస్తకాలు లేకపోలేదు. దర్శకుడు వంశీ ‘మా పసలపూడి కథలు’ స్వాతి వారపత్రికలో వస్తున్నప్పుడు బాపు గీసిన బొమ్మలు పుస్తకంలోనూ పదిలంగా ఉన్నాయి. ఆ పుస్తకం ఇంటికొచ్చిన అతిథికి చూపించుకునే వస్తువైంది. అవి గోదావరి గట్టు కథలు. భయానికి మాత్రం ఆ భాగ్యం అరుదు.

చూపించాలా... దాచాలా?

ఇప్పుడు మళ్లీ కొండ మీదికి. రోడ్డు మీద వెళ్లేవారికి తెలియదు కానీ, ఇక్కడి ఆఫీసుల్లో రోజూ భయాన్ని గీస్తూనే ఉంటారు. కథాచర్చల సిట్టింగులు పూర్తయ్యాక కాన్సెప్ట్ ఆర్టిస్టు పాడుబడ్డ బంగళా ఎలా ఉండాలో గీస్తాడు. స్టోరీబోర్డ్ ఆర్టిస్టు ఒక్కో షాట్‌నీ గళ్లలో వేస్తాడు. తలుపు ఎంత తెరుచుకోవాలి, దీపం ఎటు నుంచి వెలగాలి, నీడ గోడ మీద ఎంత పొడవు పడాలి... అంతా కాగితం మీదో, కంప్యూటర్ మీదో ముందే తేలిపోతుంది. పబ్లిసిటీ డిజైనర్ టైటిల్ అక్షరాల తలకట్టుకు ఓ గోరు గీత గీసి వణికిస్తాడు. సినిమా విడుదలయ్యాక మాత్రం వీటిని అడిగేవారుండరు. హార్డ్‌డిస్కుల్లోనో, గోడౌన్లలోనో ఉండిపోతాయి. ఒకప్పుడు సీరియల్ బొమ్మకు పట్టిన గతే!

ఈ చేతుల్లో ఒకదానికి ‘తులసిదళం’ అప్పగిస్తే? మొదటి చిక్కు అక్కడే. ఆ నవలలో ఒకవైపు మంత్రగాళ్లు, మరోవైపు డాక్టర్లు, హిప్నాటిస్టు. తులసికి పట్టింది చేతబడా, జబ్బా అన్న రెండు దారుల్నీ రచయిత తెరిచే ఉంచాడు. పాఠకుడు రెండింటి మధ్యా ఊగిసలాడుతుంటేనే ఆ కథకు బలం. చిత్రకారుడు కాష్మోరాకి కోరలు, ఎర్రకళ్లు పెట్టి గీశాడా... తీర్పు చెప్పేసినట్టే! డాక్టర్ పక్షం వీగిపోతుంది, మూఢనమ్మకం అన్న పాత విమర్శకు బలం వస్తుంది. కాబట్టి గీయాల్సింది కాష్మోరాని కాదు. మంచం మీద పిల్ల, గుమ్మంలో తల్లి, కిటికీ అవతల చీకటి. ఆ చీకట్లో ఏముందో చూసేవాడికే వదిలెయ్యాలి. దేన్నయినా చూపించి తీరాల్సిన సినిమాకు ఇది కష్టం. కదలని బొమ్మకే సాధ్యం.

చీకటిని అచ్చు వేయడమూ అంత సులువు కాదు. ప్రెస్సులో నల్లసిరా ఒక్కటే వేస్తే పెద్ద నలుపు కాస్త వెలిసి, బూడిదరంగు తిరిగినట్టుంటుంది. కింద కొంచెం నీలం లాంటి రంగు కూడా పడితేనే అది కాటుక చీకటవుతుంది. మామూలు నవలల కాగితం సిరాని పీల్చేసుకుంటుంది కాబట్టి బొమ్మలకు దళసరి ఆర్ట్ పేపరు కావాలి. ఇక బైండింగు. మామూలు నవలలకు ఫారాల వీపు కోసి జిగురు పెడతారు. నాలుగు వేసవులు గడిస్తే పేజీలు ఒక్కోటీ చేతికొస్తాయి. దాచుకునే పుస్తకానికి పదహారేసి పేజీల ఫారాల్ని మడిచి, దారంతో కుట్టి, గుడ్డ అట్ట వేసి, పైన బంగారు రేకు అక్షరాలు ఒత్తాలి. ప్రతులకు వరస నంబర్లు వేసి, రచయిత, చిత్రకారుడు సంతకాలు చేసి, అట్టపెట్టెలో పెట్టి ఇవ్వాలి. ఇంతా చేస్తే అసలు సూత్రం మాత్రం పాతదే... సూదీ, దారం!

అటక ఎక్కితే...

పాత సీరియల్ బొమ్మలతోనే పుస్తకం తేవచ్చు కదా అనిపిస్తుంది. కానీ అవి దొరకాలి. అప్పట్లో బొమ్మ అచ్చయ్యాక అసలు ప్రతి ఏమైందో పట్టించుకున్నది తక్కువ. ‘ఆంధ్రభూమి’ అచ్చు 2020లో ఆగిపోయింది. చంద్ర 2021లో, బాలి 2023లో కన్నుమూశారు. పత్రికలూ పోయి, గీసిన చేతులూ పోతుంటే, మిగిలిన సాక్ష్యాలు ఆ ఇంటి బైండింగులే. ఇల్లు మారేటప్పుడో, పెద్దవాళ్లు పోయాకో అవి కిలోల లెక్కన పాత పేపర్లవాడి తక్కెడ ఎక్కుతున్నాయి. అదృష్టం ఉన్నవి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కి చేరుతున్నాయి. పేజీల అంచులు పసుపెక్కి, ముట్టుకుంటే రాలేలా ఉంటాయి. మొదటి పేజీలో సిరా పెన్నుతో ఎవరో ఇల్లాలి పేరు, తేదీ.

ఫిల్మ్‌నగర్‌లో చీకటి పడుతోంది. రాళ్ల వెనక స్టూడియో లైట్లు వెలుగుతున్నాయి. ఏదో ఫ్లోర్‌లో పొగ యంత్రం పొగ వదులుతూ ఉంటుంది, ఎవరో తెల్లచీర కట్టుకుని మేకప్ వేసుకుంటూ ఉంటారు. భయానికి బొమ్మ గీయగల చేతులు ఈ కొండ మీద ఉన్నాయి. కథ ఉంది. గుర్తుపెట్టుకున్న పాఠకులు ఉన్నారు. పాత బొమ్మలు మాత్రం అటకల మీద ఉన్నాయి. పండగకి ఇల్లు దులిపేటప్పుడు క్యాలెండర్ అట్ట వేసిన పాత కుట్టు పుస్తకం చేతికి తగిలితే, తక్కెడలో వేసేముందు ఒక్కసారి తెరిచి చూడండి. కాష్మోరా కాదు కానీ, అమ్మమ్మ చేతి కుట్టు కనిపించవచ్చు!