పెరటి కొలను - పసిపిల్లలు

నీటిలో పడిన పసిబిడ్డ కేకవేయును, కాలుచేతులు కొట్టుకొనును, ఆ సవ్వడి విని మనము పరుగెత్తి పోవచ్చును అని మనలో పెక్కుమందికి ఒక ధైర్యము గలదు. ఆ ధైర్యమునకు ఆధారము లేదు. మునుగుచున్న బిడ్డకు ఊపిరియే చాలదు. ఇక కేక యెక్కడినుండి వచ్చును? నోరు నీటిపైకి వచ్చిన క్షణమున గాలి పీల్చుకొనుటయే దానికి పని. చేతులెత్తి పిలుచుటకు మారుగా నీటిని క్రిందికి అదుముచుండును. ఒక్క నిమిషము గడవకమునుపే బిడ్డ అడుగునకు పోవచ్చును.

ఇది మేము చదివి యెరిగినదే గాని, కాలిఫోర్నియాలో మా బంధువుల యింట గడపిన వేసవిలో కంటికి కట్టినది. ఉద్యోగరీత్యా అచ్చట స్థిరపడిన మన తెలుగువారిలో కొందరి యిండ్ల పెరటిలో ఈతకొలను గలదు. దానిని మన పెరటి బావివంటిది అనుకొనరాదు. బావికి చుట్టుగోడ యుండును. పసివాడు దానిపై కెక్కుటకు కొంత శ్రమపడవలెను. కొలను నేలతో సమముగా, నీలముగా మెరయుచు, వంటయింటి అద్దపు తలుపునకు పది అడుగుల దూరముననే యుండును. బిడ్డ కంటికి అదియు ఆటస్థలమే.

ఒక ఆదివారము పుట్టినరోజు విందునకు పిలువగా పోయితిమి. కొలను ప్రక్కన పెద్దలు ఇరువదిమందికి తక్కువ లేరు. ఈతలు ముగిసినవి; పిల్లలను పైకి రప్పించి తువాళ్లు చుట్టిరి; పెద్దలు వీసాలను గూర్చియు మామిడిపండ్ల ధరలను గూర్చియు మాటలలో పడిరి. మేము లోపల నుండగా ‘పిన్నీ, పాప నీళ్లలో ఉంది!’ అని కేక వినబడినది. నీటిపై విడిచిన రబ్బరు బాతుకొరకు మూడేండ్ల పిల్ల మెట్లు దిగినదట. చూచినది పదునొకండేండ్ల బాలిక. ఒక యువకుడు కట్టుబట్టలతో దుమికి ఎత్తెను. పాప దగ్గి, నీళ్లు కక్కి, ఏడ్చెను. బిడ్డ యేడ్చుచుండగా తల్లి నవ్వుట మేమానాడే చూచితిమి. ఆసుపత్రిలో రాత్రియంతయు పరిశీలనలో నుంచి మరునాడు పంపిరి. పిదప విచారింపగా, పాప తండ్రివద్ద నున్నదని తల్లియు, అమ్మమ్మవద్ద నున్నదని తండ్రియు అనుకొనిరి. ఇంతమంది యుండగా భయమేమి యని అమ్మమ్మ అనుకొనెను.

బిడ్డ అందరి బిడ్డ యనుట మన కుటుంబములలోని సొగసు. నీటివద్ద మాత్రము ఆ సొగసు పనికిరాదు. పేరుపెట్టి ఒక్కరికి అప్పగింపవలెను. అచ్చటివారిలో కొందరు కాపలావారి మెడలో ఒక బిళ్ల వేసి, పదిహేను నిమిషములకొకసారి దానిని మరియొకరికి మార్చుట చూచితిమి. బిళ్ల మెడలో నున్నంతసేపు ఫోను ముట్టరాదు, వంటలోనికి పోరాదు. మనవారికి ఇది నవ్వులాటగా తోచెను. మాకు తోచలేదు.

అమెరికాలో ఒకటి మొదలు నాలుగేండ్లవరకు గల పిల్లల మరణములకు నీటమునుగుటయే మొదటి కారణము. అందును, ఈతకొలనులలో పడిన పసిపిల్లలలో పెక్కుమంది ఆ సమయమున నీటివద్ద ఉన్నారని ఇంటివారెవరును అనుకొననివారే. కావున ఎంత మెలకువగల కన్నైనను చాలదు; కంచె కావలెను. ఇంటిగోడను నాల్గవ వైపుగా నెంచుకొన్న కంచె కంచె కాదు, ఏలయన బిడ్డ వచ్చునది ఆ వైపునుండియే. మూడువైపుల కంచెకంటె నాలుగువైపుల కంచె పిల్లల అపాయమును 83 శాతము తగ్గించునని అచ్చటి ఆరోగ్యాధికారుల మాట. కాలిఫోర్నియా 1996లో ఇందుకై శాసనము చేసెను. 2018 మొదలు, క్రొత్తగా కొలను కట్టువారును, పాతదానిని మార్చి కట్టువారును ఏడు రక్షణోపాయములలో రెంటినైన అమర్చుకొనవలెను. అందొకటియగు కంచె 60 అంగుళముల ఎత్తుండవలెను. 4 అంగుళముల బంతి దూరు సందు ఉండరాదు. తలుపు కొలనుకు వెలుపలివైపుగా తెరచుకొని, విడిచినతోడనే తనంతట మూసికొని గడియ పడవలెను.

మా బంధువు కొలను పాతది గనుక శాసనము తన్ను నిర్బంధింప దనెను. పెరటి యందము చెడుననియు అనెను. తలుపునకు గంట యున్నది గదా యనెను. ఆ గంట మ్రోగి మ్రోగి విసుగు పుట్టింపగా వారే దానిని ఆపివేసిరని ఆయన భార్య చెప్పినది. పిల్లలు పెద్దవారైన పిదప విప్పి దాచుకొనదగు వలకంచెలు దొరకునని మేము పట్టుపట్టితిమి. ఆమె మావైపు నిలిచినది. నెల తిరుగకమునుపే కంచె వచ్చెను. ఆటబొమ్మలను నీటిలో విడువరాదనియు ఆమెయే నియమించెను.

ఆ యింటి పిల్లవానికి జాతకమున జలగండ మున్నదట; అందుచే శాంతి చేయించి, ఈత మాత్రము నేర్పింపలేదు. గండమున్నదని నమ్మువాడు ముందుగా నేర్పవలసినది ఈతయే గదా! ఆడపిల్లకు ఈత యేల యను పెద్దలును మనలో నింకను గలరు. నీటికి ఆ భేదము తెలియదు. ఏడాది నిండిన పిల్లలకు సయితము పాఠములు మేలు చేయవచ్చునని శిశువైద్యులు చెప్పుచున్నారు. అయినను ఈత నేర్చిన పసివానిని విడిచి పోరాదు; చేయి చాచిన అందునంత దూరమున పెద్దవారొకరు ఉండవలెను.

ఇక ఒక్క సంగతి. మునిగినవానిని తలక్రిందులుగా పట్టి త్రిప్పుటయు, పొట్ట నొక్కి నీరు కక్కించుటయు మన యూళ్లలో నేటికిని చూచుచున్నాము. అది కాలహరణము, హానియు గూడ. బిడ్డ పలుకక, ఊపిరి యాడక యున్నచో, ఒకరు సహాయమునకు ఫోను చేయుచుండగా (అమెరికాలో 911, మన దేశమున 108) మరియొకరు ముందుగా నోటిద్వారా గాలి ఊది, రొమ్మును అదుముచు, సహాయము వచ్చువరకు మానరాదు. ఇది నేర్చుకొనక చేతికి రాదు. ఇండియన్ రెడ్ క్రాస్ సొసైటీ, సెయింట్ జాన్ అంబులెన్స్ వంటి సంస్థలు ప్రథమచికిత్స నేర్పుచున్నవి. మనుమలను పెంచుటకై ఆరేసి నెలలు అచ్చటికి పోవు అవ్వలును తాతలును ఊరగాయలు కట్టుకొను దినములలో ఒక పూట అందుకు వెచ్చింపవచ్చును.