చప్పట్లు కొట్టకండి!

మాది పులికాట్ సరస్సులో ఇరకం దీవి. తడ దగ్గర భీములవారిపాళెం రేవులో పడవెక్కాలి. చూడవచ్చినవాళ్లను తిప్పేది నేనే. చలికాలంలో అందరిదీ ఒకటే కోరిక: ఫ్లెమింగోలు!

మొన్న ఒకాయన ఐదొందల నోటు చూపించి, "చప్పట్లు కొట్టన్నా, సినిమా పాటలోలాగా గుంపంతా లేవాలి" అన్నారు.

ఒకప్పుడు నేనూ కొట్టినవాణ్ణే. లేచాయి. ఆకాశమంతా గులాబీ! కానీ చీకటిపడేదాకా మళ్లీ వాలలేదు.

"సార్, అవి తల కిందులుగా పెట్టి, బురదనీళ్లు వడగట్టుకుని తింటాయి. ఒంటికి ఆ రంగొచ్చేది ఆ తిండితోనే. అన్నం ముందునుంచి లేపుదామా?" అన్నాను.

గెడ ఆపి ఊరకే కూర్చున్నాం. మేసుకుంటూ అవే దగ్గరికొచ్చాయి. ఆయన నోరు తెరిచి చూస్తుండిపోయారు. నోటు మాత్రం జేబులోకే పోయింది. పోనీలెండి!

మీరూ రండి. చప్పట్లు మాత్రం సినిమా హాల్లోనే కొట్టేసి రండి.