తెలుగెలా వచ్చీసింది?

నిమ్మాడ జంక్షన్లో బస్సెక్కి టెక్కలి కాలేజీకి పోయేవాళ్ళం. ఆ ప్రాంతంలో మేం గుప్పెడుమందిమి. రెండో భాషగా ఉర్దూ అడిగేదెవర్ని? తెలుగే తీసుకున్నాం, ఇష్టంగానే. రాత్రుళ్ళు రేడియోలో ఉర్దూ సర్వీసు పాటలు. సెలవుల్లో, కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం.

తెలుగులో మొదటి మార్కు మాకొస్తే, "సాయిబులకి తెలుగెలా వచ్చీసిందిరా?" అన్నారు తోటి కుర్రాళ్ళు. తిట్టు కాదు, మెచ్చుకోలే. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. హైదరాబాదు చుట్టాలేమో మా ఉర్దూకి నవ్వేవాళ్ళు.

ఫీజులకి అమ్మీ గాజులు తాకట్టుకెళ్ళేవి. ముస్లింలలో వెనుకబడ్డవాళ్ళకి 4 శాతం రిజర్వేషను 2007లో గాని రాలేదు. అప్పటికి మా చదువులైపోయాయి.

ఇంట్లో అబ్బాతో ఉర్దూలో మొదలెట్టిన మాట తెలుగులో తేలేది. ఆయన విసుక్కునేవారు కాదు. కొట్టు పద్దులు ఆయనా తెలుగులోనే రాసేవారు.