ట్రాక్టరు వెనక కొంగలు

కూచిపూడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నేరుగా సిద్ధేంద్రయోగి కళాపీఠానికి వెళతారు. అక్కడ పిల్లలు మొదట్లో నేర్చుకునే హస్తాల్లోనే బోలెడన్ని పక్షులున్నాయి. హంసాస్యం, హంసపక్షం, మయూరం, శుకతుండం, తామ్రచూడం. రెండు చేతులూ కలిస్తే కపోతం, గరుడం, భేరుండం. అన్నీ పేరూ ప్రతిష్ఠా ఉన్నవే. ఊరు దాటి చేలగట్టు ఎక్కితే మాత్రం ఎదురయ్యేవి కొంగలు. పిట్టల్ని చూసే సరదా ఉన్నవాడికి ఆ గట్టు చాలు. బైనాక్యులర్స్ ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు. ఏ నెలలో ఎక్కాలన్నది మాత్రం తెలియాలి. ఆ సంగతి పక్షుల పుస్తకం కంటే కాలవ లస్కరు బాగా చెబుతాడు.

బెజవాడ దగ్గర కృష్ణకు 1855లో ఆనకట్ట కట్టారు. తర్వాత ఆ పని 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ అందుకుంది. తూర్పు డెల్టా కాలవలకు నీళ్లు వదిలి, చేలు తడిసి, దమ్ములు మొదలయ్యాయంటే పక్షుల పండగ వచ్చినట్టే. ఇనపచక్రాల ట్రాక్టరు మళ్లోకి దిగి ఒక చుట్టు తిరిగేసరికి దాని వెనక తెల్లకొంగలు బారులు తీరతాయి. చక్రాలు పైకి తెచ్చిన కీచురాళ్లు, కప్పపిల్లలు, వానపాములు వాటి సొత్తు. ఒకప్పుడు ఎడ్ల వెంట, గేదెల వెంట తిరిగిన కొంగలకు ఇంజను మోత కూడా అలవాటైపోయింది. గుడ్లు పెట్టే కాలం కాబట్టి కొన్నింటికి తల, మెడ నారింజ రంగు తిరిగి ఉంటాయి. ఇవి వేరే జాతేమోనని కొత్తవాళ్లు పొరబడతారు. కాస్త ఎడంగా గోరింకలుంటాయి. కరెంటు తీగ మీద పసులపోలిగాడు కూర్చుని, కిందివాళ్ల హడావుడికి లేచిన పురుగుల్ని గాల్లోనే కాజేస్తుంటాడు.

గట్టు పక్కన మట్టిరంగులో ముడుచుకుని నిలబడేది గుడ్డికొంగ. మనిషి దాదాపు మీదికి వచ్చేదాకా కదలదు కాబట్టి దానికి కళ్లు కనపడవనుకున్నారు. లేచినప్పుడు చూడాలి దాన్ని! మట్టిముద్దలోంచి తెల్లటి రెక్కలు రెండు విచ్చుకుంటాయి. కొంగజపం అన్న మాట దీన్ని చూసే పుట్టి ఉంటుంది.

ఇక నత్తగుల్ల కొంగ. బూడిదరంగు తెలుపు ఒళ్లు, నల్లటి రెక్కలు. ముక్కు పూర్తిగా మూసుకోదు. పైదవడకూ కిందిదవడకూ మధ్య సందు ఉంటుంది. ఆ సందులో నత్తను పెట్టి, అడకత్తెరలో పోకచెక్కలా పగలగొడుతుందని చాలాకాలం నమ్మారు. దగ్గర నుంచి చూస్తే కథ వేరు. నీళ్లలో తడిమి తడిమి నత్తను పట్టుకుంటుంది. పైముక్కుతో దాన్ని నేలకు అదిమి, కిందిముక్కు మొనను మూత కిందికి దూర్చి, లోపల గుల్లను పట్టుకున్న కండను తెంపేస్తుంది. తల ఒక్క విదిలింపు విదిలిస్తే మెత్తటి మాంసం బయటికి. గుల్ల చాలాసార్లు చెక్కుచెదరకుండా పక్కన పడి ఉంటుంది. చిన్నపిల్లలకు ఆ సందు ఉండదు, ఎదిగేకొద్దీ వస్తుంది. ఈ ఒక్క ముక్కు మీద జూలియన్ హక్స్‌లీ అంతటి శాస్త్రవేత్త 1960లో ప్రత్యేకంగా వ్యాసం రాశాడు. బైనాక్యులర్స్‌తో ఒకే కొంగను అరగంట చూసే ఓపిక ఉన్నవాడికి ఆ వ్యాసంలోని సగం ఈ చేలల్లోనే దొరుకుతుంది. నలభై జాతుల పేర్లు గబగబా టిక్కు పెట్టుకుని వెళ్లేవాళ్లు పోగొట్టుకునేది ఈ అరగంటనే.

నాట్లు పడి చేను పచ్చబడ్డాక గిజిగాడి వంతు. కాలవ మీదికి వంగిన ఈతచెట్టుకో తాటిమట్టకో గూళ్లు వేలాడతాయి. మగపిట్ట వరి ఆకు అంచును ముక్కుతో గాటుపెట్టి, పట్టుకుని ఎగురుతుంది. ఆ ఊపుకు సన్నటి పీచు చీలి వస్తుంది. గూడు సగం అల్లాక ఆపేస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి, పట్టి చూసి, దానికి నచ్చితేనే మగపిట్ట మిగతా సగం కడుతుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే ఊగుతూ ఉంటుంది. సలీం అలీ పేరు తెచ్చుకున్నది ఈ పిట్ట వల్లే. ఉద్యోగం లేక కిహిమ్‌లో ఉన్న రోజుల్లో గిజిగాళ్ల కాపురాలు గమనించి 1931లో వ్యాసం ప్రచురించాడు. ఆ వెంటనే హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వేకు దిగాడు.

కోతల కాలానికి చేను మళ్లీ రూపు మారుస్తుంది. కోతకు కొద్దిరోజుల ముందే చేల్లో మినుములు చల్లేస్తారు. మాగాణిలో మిగిలిన తడి మీదే ఆ పంట గట్టెక్కుతుంది. ఆ తడిలోనే ఉల్లంకి పిట్టలు పొడుచుకు తింటూ కనిపిస్తాయి. వీటిలో చాలావాటి పుట్టిల్లు వేల కిలోమీటర్ల ఉత్తరాన ఉంది. సాయంత్రం తీగల మీద వానకోవెలలు వరసకడతాయి. కొన్ని ఇళ్లల్లో ఇప్పటికీ కొత్తవరి కంకుల్ని కుచ్చులుగా అల్లి పిచ్చుకల కోసం చూరుకు కడతారు. పండిన చేను ఒక రకంగా మడుగే అన్న సంగతి మిగతా ప్రపంచం కాగితం మీద పెట్టింది 2008లో. దక్షిణ కొరియాలోని చాంగ్వాన్‌లో రామ్‌సార్ ఒప్పంద దేశాలు వరిచేలను చిత్తడినేలలుగా గుర్తించి తీర్మానం చేశాయి.

దక్షిణాన నాగాయలంక దాటితే కృష్ణా అభయారణ్యపు మడ అడవులు వస్తాయి. కాకి సంగమంలో మునిగి హంసగా లేచిందని చెప్పుకునే హంసలదీవి అటే. అక్కడ ఎండ, బురద, దోమలు మూడూ పుష్కలం, ఓపిక గలవాళ్లు వెళ్లొచ్చు.

ఎక్కువమంది దారి మాత్రం ఉత్తరానికే. పామర్రు, గుడివాడ, కైకలూరు మీదుగా కొల్లేటి ఒడ్డున ఆటపాక. గూడబాతులక్కడ ఇనప స్టాండ్ల మీద గూళ్లు పెట్టి పిల్లల్ని సాకుతాయి, పడవలోంచి చూడొచ్చు. ఈ గూడబాతుల కథ తిన్నగా సాగలేదు. తర్వాత ఇందుచూడన్ పేరుతో మలయాళంలో ప్రసిద్ధుడైన కె.కె. నీలకంఠన్ 1946లో ఈ ప్రాంతంలో దాదాపు 3,000 గూడబాతుల స్థావరాన్ని కనిపెట్టాడు. 1975 ప్రాంతానికి అది ఖాళీ అయిపోయింది. ఆ తర్వాత కొల్లేరంతా చేపల చెరువులు అల్లుకున్నాయి. 1999లో ఐదో కాంటూరు అనే ఎత్తు గీత దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2006లో ప్రభుత్వం చెరువుల గట్లు తెగ్గొట్టించింది. పక్షుల పేరు చెప్పి పొట్ట కొట్టారని అక్కడి జనం అనడమూ, చెరువుల వల్లే సరస్సు సగమైందని పర్యావరణవాదులు అనడమూ ఇంకా ఆగలేదు. రెండింటిలోనూ నిజముంది.

గూడబాతుకు ఐదో కాంటూరు ఎక్కడుందో తెలియదు. ఆటపాకలో టిక్కెట్టు కొని చూసే పక్షే కాస్త అవతల చెరువు మీద వాలితే దొంగ. రైతు అప్పు చేసి వేసిన చేపను అది మింగుతుంటే ముచ్చటపడమనడం అన్యాయమే. అందుకే చెరువుల మీద దారాలు, వలలు కట్టి, గట్ల మీద కాపలా పెడతారు. కాపలావాడు టపాకాయ పేలుస్తాడు. గూడబాతులూ నీటికాకులూ లేచి, ఒక చుట్టు కొట్టి పక్క చెరువులో దిగుతాయి. అక్కడి కాపలావాడు తిట్టుకుంటూ అగ్గిపెట్టె తీస్తాడు.