మా ఇంటి రాజ్‌దూత్ బండి

కిందటి నెల గోడపత్రికలో సంత గురించి, కాఫీ తోటల గురించి మన చెల్లెళ్ళు రాశారు. నేను బండి గురించి రాస్తున్నాను. ఆడపిల్లకి బండి గురించి ఏటి తెలుసు అనేవాళ్ళు మొత్తం చదివి అప్పుడు నవ్వండి.

మా బండి రాజ్‌దూత్ 175. 1994లో కొన్నది. కొన్నది మేము కాదు, మా ఊరి బడికి వచ్చే ఒక మాస్టారు. ఆయన బదిలీ మీద మైదానానికి వెళ్ళిపోతూ, అప్పటికే బండి నడవటం లేదు కనుక, మా తాతకి ఇచ్చేశారు. తాత బదులుగా ఒక బస్తా పసుపు, ఒక మేకపోతు ఇచ్చాడంట. తాతకి నడపడం రాదు. మరి ఎందుకు తీసుకున్నాడో ఎవరికీ తెలీదు. నాకు ఊహ వచ్చేసరికి అది చూరు కింద ఉంది. సీటు మీద కోడి పొదిగేది.

మన సైన్స్ సార్‌ని అడిగితే ఆ బండి సంగతి చెప్పారు. ఎస్కార్ట్స్ అనే కంపెనీ 1960ల నుండి దీన్ని తయారు చేసిందంట. ఇంజను నమూనా మాత్రం పోలెండు దేశం వాళ్ళ ఎస్‌హెచ్‌ఎల్ బండిది. మూడే గేర్లు. రాళ్ళ దారుల్లో గట్టిగా ఆగేది కాబట్టి పల్లెల్లో పాలు అమ్మేవాళ్ళు, మాస్టార్లు ఎక్కువగా కొనేవారంట. ఇప్పుడు తయారు చెయ్యడం లేదు. అందుకే సామాన్లు దొరకడం కష్టం.

2023 వానాకాలంలో మా తమ్ముడికి జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. మా ఊరి నుండి తారు రోడ్డుకి 6 కిలోమీటర్లు, అంతా మట్టి దారి. 108 తారు రోడ్డు దాకే వస్తుంది. డోలీ కట్టి నాన్న, మావ, ఇంకో ఇద్దరు మోశారు. అమ్మ వెనక గొడుగు పట్టుకుని పరిగెట్టింది. నేను అప్పుడు హాస్టల్లో ఉన్నాను, సెలవులకి వెళ్తే చెప్పారు. తమ్ముడు బతికాడు. ఇలాంటివి మనలో చాలామంది ఇళ్ళల్లో జరిగినవే, వివరంగా రాయను. ఆ తరవాత నుండి నాన్న చూరు కింద బండినే చూసేవాడంట.

కిందటి వేసవిలో కాఫీ డబ్బులు వచ్చాక మొదలుపెట్టారు. పాత ఇనుము కొనేవాడు వచ్చి 1,500 ఇస్తానన్నాడు. అమ్మ ఇచ్చెయ్యమంది. "తుప్పు బండికి కాఫీ డబ్బులు పోస్తావేటి? ఆ డబ్బుకి రెండు మేకలొస్తాయి" అని రోజూ గొడవ. నాన్న మాట్లాడడు. మావ మాత్రం "అక్కా, మేక మీద ఆస్పత్రికి ఎల్తామేటి?" అన్నాడు. అమ్మ ఆ పూట మావకి అంబలి పొయ్యలేదు.

మావ ఒకప్పుడు జీపు మీద క్లీనరు పని చేశాడు. అందుకని తనకి అన్నీ తెలుసు అంటాడు. సగం తెలుసు.

ముందు కిక్కు కొడితే దిగలేదు. పిస్టన్ సిలిండర్లో తుప్పుకి పట్టేసింది. ప్లగ్గు విప్పి ఆ కన్నంలో డీజిలు పోసి నాలుగు రోజులు వదిలేశారు. అయిదో రోజు నాన్న కిక్కు మీద నిలబడితే కదిలింది. పెట్రోలు ట్యాంకులో చింతపండు నీళ్ళు, గుప్పెడు గులకరాళ్ళు వేసి నేనూ తమ్ముడూ మార్చి మార్చి ఊపాము. చేతులు పడిపోయాయి. ఎర్ర నీళ్ళు వచ్చాయి. తుప్పు పోయింది గానీ తుప్పు మూసి ఉంచిన కన్నం కూడా బయటపడింది. అతుకు దగ్గర కారుతుంటే మావ ఒంటి సబ్బు అరగదీసి పూశాడు. రెండు రోజులు ఆగింది. సైలెన్సరు మసి పోవాలని పిడకల మంటలో పెడితే అందులోంచి కందిరీగలు లేచి మావని కుట్టాయి. మూడు రోజులు ఒక కన్నే కనిపించేది.

సిలిండరు అరిగిపోయిందని పట్నంలో లేతు మిషన్ దగ్గర బోరింగు చేయించారు. బోరింగు అంటే సిలిండరు లోపల కొంచెం గీకి పెద్దది చెయ్యడం. దానికి సరిపోయేలా పిస్టను కూడా పెద్ద సైజుది వెయ్యాలి. ఆ సైజులు 0.25, 0.50, 0.75 అని ఉంటాయి, మిల్లీమీటర్లలో. మాకు 0.50 కావాలి. ఒక షాపులో కొని ఇంటికి తెచ్చి పెడితే దిగడం లేదు. మావ ఉప్పు కాగితంతో గీకేద్దాం అన్నాడు. నాన్న సుత్తి తీశాడు.

నేను పిస్టను అడిగి తీసుకుని తుడిచి చూశాను. డబ్బా మీద 0.50 అని ఉంది. పిస్టను నెత్తి మీద 0.75 అని చెక్కి ఉంది. దశాంశాలు మనకి ఆరో తరగతిలోనే వచ్చాయి. పావు మిల్లీమీటరు తేడా. కంటికి కనబడదు, కానీ దిగదు. మా ఇంట్లో ఆ అంకెలు చదవగలిగేది నేను, తమ్ముడు మాత్రమే. నాన్న వేలిముద్ర వేస్తాడు.

మర్నాడు నాన్న నన్ను కూడా తీసుకెళ్ళాడు. షాపాయన "డబ్బా విప్పేశాక వాపసు తీసుకోం" అన్నాడు. నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాకు అది నచ్చలేదు. బిల్లు తీసి "ఇక్కడ 0.50 అని మీరే రాశారు, దీని మీద 0.75 ఉంది, చూడండి" అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. నన్ను కూడా చూశాడు. ఏ తరగతి అని అడిగాడు. మార్చి ఇచ్చాడు. బస్సులో నాన్న ఏమీ అనలేదు, వేరుశనక్కాయలు కొన్నాడు.

ఇది టూ స్ట్రోకు ఇంజను. పెట్రోలు వెళ్ళే దారిలోనే ఆయిలు కూడా వెళ్ళి లోపలి సామాన్లని తడపాలి. అందుకని పెట్రోలులో ఆయిలు కలపాలి. మెకానిక్కు లీటరుకి 40 మిల్లీలీటర్లు అన్నాడు. తమ్ముడి దగ్గు మందు మూతతో కొలిచి కలిపే పని నాది. మూత 10 మిల్లీలీటర్లు. రెండు లీటర్లకి ఎనిమిది మూతలు. లెక్క మీరే చూసుకోండి.

స్టార్టు అయిన రోజు ఊరంతా వచ్చారు. తెల్ల పొగ, పెద్ద చప్పుడు, కోళ్ళన్నీ కొండెక్కాయి. మావ ఎక్కాడు. యాక్సిలరేటరు తీగ ఇరుక్కుపోయి బండి ఆగటం లేదు. కళ్ళం చుట్టూ రెండు సార్లు తిరిగి పెంటకుప్పలో దిగాడు. అమ్మ నవ్వడం నేను చాలా రోజుల తరవాత అప్పుడే చూశాను.

పాత బండ్లని వింటేజ్ అంటారని సార్ చెప్పారు. 2021లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ నియమం ప్రకారం 50 ఏళ్ళు దాటితేనే అలా రిజిస్టరు చేస్తారు. కొత్తగా చేయించడానికి 20,000 రూపాయలు. చేయించినా మామూలు పనికి రోడ్డు మీద తిప్పకూడదు, ప్రదర్శనలకే తియ్యాలి. మా బండికి 50 ఏళ్ళు 2044లో వస్తాయి. మాకు ఆ గొప్ప అక్కర్లేదు. తిరగని బండి మాకు ఇంతకు ముందే ఉండేది కదా.

మామూలు రిజిస్ట్రేషను 15 ఏళ్ళే. అంటే మాది 2009తో అయిపోయింది. మళ్ళీ చేయించడానికి 25వ నంబరు ఫారం, మాస్టారి పేరు నుండి మార్చడానికి 29, 30 ఫారాలు కావాలి. అందుకని ఇప్పుడు నాన్న మట్టి దారి మీదనే, తారు రోడ్డు మొగ దాకా నడుపుతున్నాడు. ఆషాఢంలో పక్కింటి అప్పకి నొప్పులొస్తే అక్కడిదాకా దించాడు, అక్కడి నుండి 108 ఎక్కింది. పాప పుట్టింది.

మాస్టారు ఏ ఊళ్ళో ఉన్నారో తెలిసింది, సంతకం పెడతానన్నారు. ఫారాలు దసరా సెలవుల్లో నేను నింపాలి. ఒకటే చిక్కు ఉంది. ఛాసిస్ నంబరులో ఒక అంకె తుప్పులో పోయింది. ఆర్‌సీ కాగితం కూడా సరిగ్గా ఆ మడత దగ్గరే చిరిగింది. నాన్న 3 అంటాడు, మావ 8 అంటాడు. డీజిలు గుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిలు రుద్ది చూడాలి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని